బొంత అంచు ముగించడం ఎలా? ఎండకి టమాటా పూత రాలిపోతోంది, ఏం చేయాలి?

ఖమ్మం_పిన్ని:

అందరికీ నమస్కారం. ప్రశ్నలు రెండు, ఒకదానికి ఒకటి పొత్తు లేనివి, కానీ రెండూ ఈ ఎండాకాలంలోనే నా నెత్తిన పడ్డాయి కాబట్టి కలిపి అడిగేస్తున్నాను.

మా అమ్మాయికి జూన్‌లో డెలివరీ. పుట్టబోయే బిడ్డకి చిన్న బొంత కుడుతున్నాను, 36 అంగుళాల వెడల్పు, 40 పొడవు. లోపల మా అత్తగారి పాత నేతచీర, పైన అమ్మాయి చిన్నప్పటి గౌన్ల ముక్కలు, అడుగున తెల్ల పంచె. చేత్తోనే రన్నింగ్ కుట్టు వేసుకుంటూ వచ్చాను, అడ్డంగా నిలువుగా కుట్టడం అయిపోయింది. ఇక అంచు దగ్గర ఆగిపోయాను. నాలుగు వైపులా గుడ్డలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒక మూల బుడగలా ఉబ్బింది. అంచుకి ఏ గుడ్డ వేయాలి, మిషన్ మీద వేయాలా చేత్తోనా, మూలల దగ్గర ఎలా మడవాలి? మా అమ్మ ఉంటే అడిగేదాన్ని.

ఇక టమాటా. మిద్దె మీద ఆరు కుండీల్లో డిసెంబర్‌లో నారు పెట్టాను. మార్చి దాకా పప్పులోకి, పచ్చడిలోకి కొనే పని లేకుండా కాశాయి. ఉగాది దాటి ఎండ ముదిరిన దగ్గర్నుంచి పూత వస్తోంది, కాడ దగ్గర పసుపుపచ్చబడి రాలిపోతోంది. ఆకులు కూడా ముడుచుకుంటున్నాయి. నీళ్ళు రెండు పూటలా పోస్తున్నాను. పక్కింటావిడ యూరియా వేయమంటుంది, మందుల కొట్టతను పూత నిలిచే మందు ఇస్తానంటున్నాడు. పీకేయాలా, ఉంచాలా?

గుంటూరు_మిద్దెతోట:

పిన్నిగారూ, పీకకండి, యూరియా వేయకండి. ఈ రెండూ ముందు చెప్పేసి తరువాత సంగతిలోకి వస్తాను.

మీ మొక్కకి జబ్బు లేదు, ఎండ ఎక్కువైంది, అంతే. టమాటాకి పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా పాతిక కిందకి దిగకపోతే పువ్వులో పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పుప్పొడి లేనిది కాయ కట్టదు, కట్టని పువ్వుని మొక్క వదిలేస్తుంది. ఖమ్మంలో ఇప్పుడు 42, 43 కొడుతున్నప్పుడు ఎవరి పెరట్లో అయినా ఇదే తంతు. మిద్దె అయితే ఇంకా ఘోరం, పొద్దుగూకాక కూడా స్లాబు వేడి కక్కుతూనే ఉంటుంది, మొక్కకి చల్లబడే టైమే దొరకదు. యూరియా వేస్తే ఆకు పెరుగుతుంది, ఆ ఆకుకి ఇంకాసిన్ని నీళ్ళు కావాలి, పూత మాత్రం నిలవదు. కొట్టతను చెప్పే మందు హార్మోను రకం. రైతులు ఎకరాల్లో వాడతారు, కొలత తప్పితే ఆకులు వంకర్లు పోతాయి, ఆరు కుండీలకి ఆ గొడవ ఎందుకు చెప్పండి.

మే నెలలో టమాటా కాయాలని ఆశ పెట్టుకోకుండా మొక్కని బతికించి జూన్‌లోకి చేర్చడమే మన పని. కుండీల కింద రెండేసి ఇటుకలు పెట్టి స్లాబుకి అంటకుండా లేపండి. నల్ల గ్రో బ్యాగులైతే చుట్టూ గోనెపట్టా కప్పండి. మట్టి మీద ఎండుటాకులో కొబ్బరిపీచో మూడు వేళ్ళ మందాన పరవండి. నీళ్ళు తెల్లారకముందే బాగా పోసి, సాయంత్రం వేలు పెట్టి చూసి ఆరితేనే మళ్ళీ పోయండి. ఒకరోజు ఎండబెట్టి మరునాడు ముంచితే, ఉన్న నాలుగు కాయలకీ అడుగున నల్లమచ్చ వస్తుంది. అది పురుగు కాదు, నీళ్ళు ఒక తీరుగా అందక కాయకి కాల్షియం చేరకపోవడం.

నీడకి 50 శాతం గ్రీన్ నెట్ దొరుకుతుంది. కానీ మీ దగ్గర పాత చీరలు ఉన్నాయిగా! బొంతకి పోగా మిగిలిన నూలు చీర ఒకటి నాలుగు కర్రలకి కట్టి పదకొండు నుంచి నాలుగున్నర దాకా ఎండ తగలకుండా అడ్డం పెట్టండి. చీర నేత నెట్ కన్నా చిక్కన కాబట్టి పొద్దునా సాయంత్రం తప్పకుండా తీసేయాలి, లేకపోతే మొక్క పీలగా సాగుతుంది. కత్తిరించగా వచ్చిన పేలికలు కూడా దాచుకోండి, కొమ్మల్ని కర్రకి కట్టడానికి అంతకన్నా మంచిది లేదు, పురికొస కాండాన్ని కోసేస్తుంది.

ఆకు ముడత సంగతి ఫోటో చూడకుండా చెప్పలేం గానీ తేడా ఇలా పట్టుకోండి. కింది ముదురాకులు పచ్చగానే ఉండి పైకి దొప్పలా మడిచుకుంటే అది ఎండకి నీళ్ళు కాపాడుకోవడం, భయం లేదు. పై చిగురాకులు చిన్నవైపోయి, అంచులు పసుపుపచ్చగా తిరిగి, మొక్క గిడసబారితే అది వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది. దానికి మందు లేదు, ఆ ఒక్క మొక్కని సంచిలో కట్టి తీసేయాలి.

మిషన్_కుట్టు (హైదరాబాద్):

టమాటా నాకు తెలియదు, కొనుక్కుని తినే బాపతు. బొంత సంగతి చెప్తాను అక్కా.

ముందు ఆ ఉబ్బిన మూల. పైన అంచు వేసేస్తే అణిగిపోతుందిలే అనుకోకండి, ఒక్క ఉతుకుకి మళ్ళీ లేస్తుంది. ఆ మూలలో చివరి నాలుగైదు వరసల కుట్లు విప్పండి, బొంతని గచ్చు మీద పరిచి మధ్యలోంచి మూలకి అరచేత్తో తోసుకుంటూ రండి, ఎక్కువైన గుడ్డ అంచు బయటికి వచ్చేస్తుంది. అప్పుడు పిన్నులు పెట్టి మళ్ళీ కుట్టండి. ఆ తరువాత నాలుగు వైపులా అంచుకి అర అంగుళం లోపల పెద్ద పెద్ద టాకాలు వేసేయండి, పొరలన్నీ కదలకుండా ఉంటాయి. ఇది వేశాకే కత్తెర పట్టాలి. స్కేలు పెట్టి గీత గీసి కోయండి, కోసేముందు రెండు ఐమూలలూ టేపుతో కొలిచి చూడండి, రెండూ సమానం వస్తే మూలలు సరిగ్గా ఉన్నట్టు.

అంచుకి గుడ్డ వెతుక్కోనక్కర్లేదు, చీర ఫాల్ కొనండి. నిజంగా! ఐదంగుళాల వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవు ఉంటుంది, తిన్నగా కోసే బాధ తప్పుతుంది, కావాల్సిన రంగు దొరుకుతుంది. నిలువునా రెండుగా చీలిస్తే రెండున్నర అంగుళాల పట్టీలు రెండు, కలిపితే ఐదు మీటర్లు. మీ బొంత చుట్టుకొలత 152 అంగుళాలు, అంటే నాలుగు మీటర్లకి కాస్త తక్కువ. ఒక్క ఫాల్ సరిపోయి మిగులుతుంది. కాటన్ ఫాల్ అని అడిగి తీసుకోండి, పాలిస్టర్ పసిబిడ్డకి ఉక్కగా ఉంటుంది. కొనగానే నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయండి, లేకపోతే కుట్టాక అది కుంచించుకుని బొంత అంచంతా ముడతలు పడుతుంది.

పట్టీలు రెండూ ఐమూలగా కలపండి, తిన్నగా కలిపితే అక్కడ ముద్ద కడుతుంది. కలిపాక పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ. కోసిన అంచుల్ని బొంత పైవైపు అంచుతో కలిపి పావు అంగుళంలో మిషన్ కుట్టు వేయండి, మూలకి పావు అంగుళం ముందు ఆపి దారం తెంపండి, పట్టీని నిటారుగా పైకి మడిచి, మళ్ళీ కిందకి దించి, పక్క అంచు మొదటినుంచి కుట్టుకుంటూ పోవాలి. చుట్టూ అయ్యాక వెనక్కి తిప్పి చేత్తో తురుపు వేయండి. మిషన్‌తో వెనకాల కూడా వేయొచ్చు, కానీ ఇంత చేత్తో కుట్టి ఆఖర్లో మిషన్ గీత కనిపిస్తే నా కంటికి బాగోదు. మొదలూ చివరా మూల దగ్గర పెట్టకండి, ఒక వైపు మధ్యలో కలపండి.

బెంగళూరు_తెలుగోడు:

మూలల గురించి ఒక మాట. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ తెగ మహిళలు కుట్టే కవంది అనే బొంతకి విడిగా అంచు పట్టీయే ఉండదు. వాళ్ళు గుడ్డ అంచులు లోపలికి మడిచి, చుట్టూ అంచు దగ్గర మొదలుపెట్టి ముక్కలు చేర్చుకుంటూ లోపలికి కుట్టుకుపోతారు. నాలుగు మూలల్లో గుడ్డని మడిచి ముక్కోణాలు కుడతారు, వాటిని ఫూల అంటారు, అవి లేనిదే బొంత పూర్తయినట్టు కాదట. పిన్నిగారూ, మీ బొంత మూల కుట్టినా అంత నీటుగా రాకపోతే అలా ఒక ముక్కోణం మిగిలిన గౌను గుడ్డతో పెట్టేయండి, నాలుగు మూలలకీ పెడితే కావాలని పెట్టినట్టే ఉంటుంది. మధ్యలోంచి తోయమని మిషన్ కుట్టు గారు చెప్పింది మీ బొంతకి కరెక్టే, మీరు పొరలన్నీ ముందే పరిచి కుట్టారు కాబట్టి. నేను వేరే పద్ధతి కూడా ఉందని చెప్తున్నాను అంతే.

టమాటాకి, వచ్చే ఏడాది వేసవి కాపు కావాలంటే రకం చూసుకోండి. పీకేఎం-1 వేడిని కాస్త ఓర్చుకుంటుంది. ఇక్కడ హెసరఘట్టలోని ఐఐహెచ్ఆర్ (భారత ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్ళ అర్క రక్షక్ ఆకుముడత వైరస్‌నీ, బ్యాక్టీరియా ఎండు తెగులునీ, ఆకుమాడునీ మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్. హైబ్రిడ్ కాబట్టి దాని కాయలోంచి విత్తనం దాచుకుని లాభం లేదు. చెర్రీ టమాటా అయితే పెద్ద కాయల కన్నా వేడిలో కొంచెం మెరుగ్గా కాస్తుంది, కానీ పప్పులోకి చెర్రీ టమాటా ఏం వేస్తాం లెండి.

ఖమ్మం_పిన్ని:

అబ్బ, ఎంత వివరంగా చెప్పారు అందరూ. ఫాల్ ఆలోచన నాకు తట్టనే లేదు, బీరువాలో మెరూన్ రంగుది ఒకటి కొత్తదే ఉంది. మొక్కలు చూశాను, ఐదింటికి కింది ఆకులే ముడుచుకున్నాయి, ఒకదానికి మాత్రం చిగురు ముడత ఉంది, అది తీసేశాను. చీర కట్టేశాను, మా ఆయన మిద్దె మీద పెళ్ళి పందిరి వేశావా అంటున్నారు.

ఇంకో రెండు అనుమానాలు. మెరూన్ రంగు దిగి తెల్ల పంచెకి పట్టుకుంటుందేమో? జూన్‌లో కొత్తగా నారు పోయాలా, ఈ మొక్కలే కాస్తాయా?

మిషన్_కుట్టు (హైదరాబాద్):

తెల్ల గుడ్డ తడిపి ఫాల్ మీద గట్టిగా రుద్దండి అక్కా. రంగు అంటితే చల్లనీళ్ళలో విడిగా ఉతికి మళ్ళీ రుద్ది చూడండి, ఇక దిగడం లేదు అనేదాకా. అప్పటికీ ఆగకపోతే మొహమాటపడకుండా క్రీమ్ రంగు ఫాల్ తెచ్చుకోండి. పసిపిల్లలు అంచు నోట్లో పెట్టుకుంటారు, దిగే రంగు పనికిరాదు. గౌన్ల మీద గుండీలు, పూసలు ఉంటే అవీ తీసేయండి. ఇంకోటి, మొదటి ఏడాది బొంత బిడ్డ కిందే పరవండి, నిద్రపోయేటప్పుడు పైన కప్పొద్దు, మొహం మీదికి వస్తే తీసుకోలేరు కదా.

గుంటూరు_మిద్దెతోట:

రెండూ చేయండి. రోహిణి కార్తె చివర్లో పాత మొక్కల్ని పైనుంచి మూడో వంతు కత్తిరించి గుప్పెడు వర్మీ కంపోస్ట్ వేయండి, మృగశిరలో వానలు పడి చల్లబడితే కొత్త చిగుళ్ళకి పూత వస్తుంది, ఆ పూత నిలుస్తుంది. కానీ డిసెంబర్ నాటి మొక్క కదా, ముసలిదైపోయింది, ఎక్కువ కాపు రాదు. అందుకని కత్తిరించినప్పుడు వచ్చే పక్క పిలకల్లో జానెడు పొడవున్నవి, చిగురు శుభ్రంగా ఉన్నవి చూసి, కింది ఆకులు తీసేసి తడి కొబ్బరిపొట్టులో గుచ్చి నీడన పెట్టండి, పది రోజులు అటూ ఇటూగా వేళ్ళు పోస్తాయి. నారు పోసే పని కూడా తప్పుతుంది. జూన్, జులైల్లో టమాటా రేటు పెరగడం మామూలే, 2023 జులైలో కిలో వంద దాటి ఎక్కడికో పోయింది, కాబట్టి ఈ పిలకలు పారేయకండి.

తీసేసిన వైరస్ మొక్క ఉన్న కుండీ పక్కన పసుపు జిగురు అట్ట ఒకటి వేలాడదీయండి, తెల్లదోమ దానికి అంటుకుంటుంది. వేపనూనె లీటరు నీళ్ళకి 5 మి.లీ., రెండు చుక్కలు సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం ఆకు అడుగున పిచికారీ చేయండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.