జనరల్ గ్రేడ్‌కి మోర్స్ ఇంకా ఎందుకు?

బెజవాడ_వీయూ3: హామ్ రేడియో వాళ్లు 30 మెగాహెర్ట్జ్ కింద పనిచేయాలంటే మోర్స్ (చుక్కలు, గీతల సంకేతభాష) రావాల్సిందేనన్న షరతుని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ 2003లోనే ఎత్తేసి, ఏ దేశం ఇష్టం ఆ దేశానికి వదిలేసింది. అమెరికా 2007 ఫిబ్రవరిలో పూర్తిగా తీసేసింది. మన దేశంలో మాత్రం 400 వాట్లు వాడనిచ్చే జనరల్ గ్రేడ్ లైసెన్సు కావాలంటే నిమిషానికి 8 మాటల మోర్స్ వేగం పాస్ కావాలి, లేకపోతే 50 వాట్లతో సర్దుకోవాలి. పవర్ జాగ్రత్తగా వాడటానికీ డిట్ (చుక్క), డా (గీత)లకీ ఏం సంబంధం? పనిలో పని, ప్రాక్టీస్‌కి టోను వినిపించే ఓసిలేటర్ సర్క్యూట్ ఎవరైనా చెప్పండి. ప్యాడిల్ (పక్కలకి నొక్కే కీ) కొనాలా, మామూలు కీ చాలా?

పాత_వాల్వు: 8కే ఇంత గగ్గోలా! మాటకి 5 అక్షరాల లెక్కన నిమిషానికి 40. అక్షరానికి సెకనున్నర చేతిలో ఉంటుంది. ఇంతకంటే ఏం కావాలి తమ్ముడూ?

డిట్‌డా: వాల్వు గారూ, చిక్కంతా ఆ సెకనున్నరతోనే. 8 వేగంలో డిట్ 150 మిల్లీసెకన్లు సాగుతుంది, వినేవాడు లెక్కపెట్టడం మొదలెడతాడు. హెచ్‌కి 4 డిట్లు, అంకె 5కి 5. లెక్క తేలేలోపు తర్వాతి అక్షరం పోతుంది. అక్షరాన్ని 20 వేగంలోనే, అంటే డిట్ 60 మిల్లీసెకన్లతో, విని మధ్య ఖాళీలు సాగదీసుకోవాలి. ముందు కె, ఎం అక్షరాలు రెండే. 90 శాతం సరిగ్గా వచ్చాకే మూడోది. గోడకి చుక్కల చార్టు అంటించినవాళ్లు 10 వేగం దగ్గర ఆగిపోతారు.

సోల్డర్_సీను: ఓసిలేటర్ రాసుకోండి. 555 టైమర్ ఐసీ, 9 వోల్టుల బ్యాటరీ. 8, 7 పిన్నుల మధ్య 10 కె రెసిస్టర్, 7, 6 మధ్య 100 కె, 2, 6 కలిపేసి అక్కణ్ణుంచి గ్రౌండ్‌కి 103 (0.01 మైక్రోఫారడ్) కెపాసిటర్. 4వ పిన్నుని 8కి కలపాలి. 3 నుంచి 10 మైక్రోఫారడ్, 100 ఓమ్‌ల మీదుగా చిన్న స్పీకర్. టోను దాదాపు 690 హెర్ట్జ్. కీ బ్యాటరీ ప్లస్ తీగలో.

ల్యాబ్_లక్ష్మి: ప్లస్ తీగలోనా? సప్లైకి అడ్డంగా 100 మైక్రోఫారడ్ పెట్టినవాళ్ల గతేంటి? కీ వదిలాక కూడా టోను తోకలా సాగి డిట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. 4ని 8 నుంచి విడదీసి, 10 కెతో గ్రౌండ్‌కి దించి, కీని 4కీ ప్లస్‌కీ మధ్య పెట్టాలి.

సోల్డర్_సీను: 100 మైక్రోఫారడ్ అని నేనెక్కడ రాశాను మేడమ్? కావాలంటే కీకి బ్యాటరీ వైపు పెట్టుకుంటారు, అంతే. మీ పద్ధతిలో స్విచ్ మర్చిపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.

ల్యాబ్_లక్ష్మి: 555 ఊరికే ఉన్నా తాగేది 7 మిల్లీఆంపులు. 500 మిల్లీఆంపవర్ల ఆల్కలైన్ బ్యాటరీకి 70 గంటలు. మీ ఊళ్లో రాత్రి అంత పొడుగా? బాధగా ఉంటే తక్కువ కరెంటు తాగే సీమాస్ రకం 7555 వేసుకోండి, ఒక మిల్లీఆంపుతో పోతుంది.

సోల్డర్_సీను: 7555 స్పీకర్‌ని తొయ్యలేదు. అదీ రాయండి.

ల్యాబ్_లక్ష్మి: ఇయర్‌ఫోన్‌ని తోస్తుంది. ప్రాక్టీస్ వీధి మొత్తానికి వినిపించాలా?

ఎఫ్‌టీ8_ఫణి: ఈ గొడవే అనవసరం. 7.074 మెగాహెర్ట్జ్‌లో ఎఫ్‌టీ8కి వెళ్లండి, కంప్యూటరే పంపి చదివే డిజిటల్ పద్ధతి. 15 సెకన్ల స్లాటు, 50 హెర్ట్జ్ వెడల్పు, 2500 హెర్ట్జ్ నాయిస్‌కి 20 డీబీ కిందున్నా చదివేస్తుంది.

పాత_వాల్వు: ల్యాప్‌టాప్ గడియారం మూడు సెకన్లు తప్పితే అప్పుడు చదవమను, చూద్దాం.

ఎఫ్‌టీ8_ఫణి: జీపీఎస్ డాంగిల్ ఉంటే గడియారం తప్పదు పెద్దాయనా.

తుఫాను_డెస్క్: "విపత్తులో మోర్సే దిక్కు" అని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెబుతున్నా. షెల్టర్ నుంచి పేర్లు పంపాలంటే 20 అక్షరాల పేరుకి 8 వేగంలో అర నిమిషం. వంద పేర్లకి 50 నిమిషాలు, మళ్లీ పంపమనడాలు కలపకుండానే. వాయిస్‌లో వీహెచ్‌ఎఫ్ హ్యాండీ (చేతి రేడియో) మీద ఇది చాలా తొందరగా తెములుతుంది.

డిట్‌డా: ఒప్పుకుంటా. అయినా సీడబ్ల్యూ (మోర్స్‌లో పంపడం) బలం వేరు. 2400 హెర్ట్జ్ ఫిల్టర్‌ని 250కి దింపితే నాయిస్ 10 డీబీ తగ్గుతుంది, 5 వాట్లు 50 వాట్ల పని చేస్తాయి. నేర్చుకోవడానికి ఇది మంచి కారణమే. పరీక్ష పెట్టి బలవంతం చేయడానికి మాత్రం కాదు.

పాత_వాల్వు: బలవంతం లేకపోతే ఎవడు నేర్చుకుంటాడయ్యా? ఇంకోటి, ముందు యాంటెనా సరిచేసుకోకుండా 5 వాట్లని ఊరేగకండి.

ల్యాబ్_లక్ష్మి: 7.1 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ (రెండు కాళ్ల తీగ యాంటెనా) అయితే కాలుకి 10.4 మీటర్లు కోసి పెట్టుకోండి, మొదట కావాలనే పొడుగ్గా. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా నుంచి వెనక్కొచ్చే పవర్‌ని చెప్పే కొలత) ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర తక్కువుందో చూసి రెండు వైపులా సమానంగా తగ్గించండి. కాలుకి 10 సెంటీమీటర్లు తగ్గిస్తే 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. తీగ కోసెయ్యకుండా వెనక్కి మడిచి చుట్టండి.

సోల్డర్_సీను: మడిచిన ముక్క తీగకి ఆనించి గట్టిగా చుట్టాలి. వేలాడదీస్తే మీ 70 లెక్క తప్పుతుంది మేడమ్.