రెండో నెల పాప: మోషన్‌లో జిగురు, నెత్తురు చారలు. నా పాలు పడట్లేదా?

కొత్తమ్మ, తెనాలి:
పాపకి రెండో నెల నడుస్తోంది. తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టడం లేదు. కొన్నాళ్ళుగా మోషన్ జిగురుగా అవుతోంది, నిన్న డైపర్‌లో దారప్పోగుల్లా సన్నటి నెత్తురు చారలు కనిపించాయి. పాలు తాగుతూ మధ్యలో వెనక్కి విరుచుకుపడి ఏడుస్తోంది. జ్వరం లేదు, బరువు పెరుగుతోంది. ఇంట్లో అందరూ నా పాలు పడట్లేదు, డబ్బా పాలు మొదలుపెట్టమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా అయిందా?

రెండో కాన్పు అమ్మ:
మా బాబుకి అచ్చం ఇలాగే అయింది చెల్లీ. ముందు పాలు మాత్రం ఆపకు. పిల్లకి పడనిది నీ పాలు కాదు. మనం తాగే ఆవు, గేదె పాలలోని ప్రోటీన్ కొద్దిగా మన పాలలోకి దిగుతుంది. కొందరు పిల్లల పేగు దాన్ని తట్టుకోలేదు. మామూలు డబ్బా పాలు తయారయ్యేది ఆవు పాలతోనే కదా, అవి పడితే నేరుగా అదే ఇచ్చినట్టు.

మా డాక్టరమ్మ నన్ను పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, పనీర్ అన్నీ మానమన్నారు. ఇంట్లో ఒప్పించడమే పెద్ద పని. బాలింతకి పాలు బాగా రావాలని పొద్దున గ్లాసుడు పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి పాలు బ్రెడ్డు. అత్తయ్య ప్రేమగా కలిపి తెస్తుంటే వద్దనడం ఎంత కష్టమో నీకూ తెలుసు. ఆవిణ్ణి కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను, ఆ తర్వాత ఆవిడే బిస్కెట్ ప్యాకెట్ వెనక పాలపొడి ఉందేమో చదివి చెప్పేవారు. బాలింతలకిచ్చే ప్రోటీన్ పౌడర్లలో కూడా పాలపొడి ఉంటుంది, చూసుకో. నెత్తురు తొందరగానే తగ్గింది, జిగురు పోవడానికి ఇంకొన్ని వారాలు పట్టింది.

గుంటూరు నాన్న:
మా పాపకి లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, పడట్లేదన్నారు. లాక్టోజ్ లేని పాలు అడిగి చూడండి.

రెండో కాన్పు అమ్మ:
అది వేరే సమస్య అన్నయ్యా. మీ పాపకి అంతకుముందు విరేచనాలు పట్టుకున్నాయా?

గుంటూరు నాన్న:
అవును, ఎనిమిదో నెలలో బాగా పట్టుకున్నాయి. ఆ తర్వాతే పాలు తాగితే నురుగు నురుగుగా, పుల్లటి వాసనతో నీళ్ళ మోషన్.

రిటైర్డ్ నర్సు, పిల్లల వార్డు:
విరేచనాల వల్ల పేగు లోపలి పొర దెబ్బతిని లాక్టోజ్ అరగడం కొన్నాళ్ళు ఆగుతుంది నాయనా, పొర మానితే అదే సర్దుకుంటుంది. పుట్టుకతోనే లాక్టోజ్ అరగని పిల్లలు చాలా చాలా అరుదు. తల్లిపాలలో లాక్టోజ్ ఎలాగూ ఉంటుంది, తల్లి తను పాలు తాగడం మానేసినంత మాత్రాన అది తగ్గదు. విరేచనాలప్పుడు కూడా తల్లిపాలు ఆపకుండా ఓఆర్ఎస్, డాక్టర్ చెప్పిన మోతాదులో 14 రోజుల జింక్ ఇవ్వాలి.

తెనాలి అమ్మాయీ, నెత్తురు కనిపించింది కాబట్టి రేపే చూపించు. చాలాసార్లు మలద్వారం దగ్గర చిన్న చీలిక వల్ల కూడా చార కనిపిస్తుంది, డాక్టర్ చూస్తే తేలిపోతుంది. ఆగకూడనివి చెప్తాను: పసరు వాంతి, ప్రతిసారీ ఎగజిమ్మే వాంతి, ఎర్రటి జెల్లీలాంటి మోషన్, పొట్ట బిర్రబిగియడం, మాడు లోపలికి పోవడం, మూత్రం తగ్గడం, ఇంత చిన్న బిడ్డకి 100.4 డిగ్రీల జ్వరం. వీటిలో ఏది కనిపించినా రాత్రయినా బయల్దేరాలి.

విజయనగరం ఆడపడుచు:
మా వైపు గాడిద పాలు పడతారు, ఏడుపులు తగ్గుతాయని. పట్టొచ్చా?

రిటైర్డ్ నర్సు, పిల్లల వార్డు:
వద్దమ్మా. వీధిలో పితికిచ్చే పచ్చిపాలతో క్రిములు లోపలికి పోతాయి. ఆముదం, వసకొమ్ము, గ్రైప్ వాటర్ ఏవీ వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలే. సాయంత్రమైతే కారణం లేకుండా ఏడ్చే పిల్లలుంటారు, ఆ ఏడుపు ఆరో వారంలో ఎక్కువై, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. దానికి మందేమీ అక్కర్లేదు. భుజాన వేసుకుని తేన్పించడం, ఎత్తుకుని తిప్పడం, అంతే.

డల్లాస్ అమ్మ:
మా బాబుకి పాల ప్రోటీన్‌తో పాటు సోయా కూడా పడలేదు, అందుకే పాలు మానేసి సోయా పాలకి మారేముందు డాక్టర్‌ని అడగండి. మేకపాలతో కూడా లాభం లేదు, ఆ ప్రోటీన్ ఆవు పాల దానికి చాలా దగ్గర. ఉద్యోగంలో చేరాక మాకు ప్రోటీన్‌ని ముక్కలు చేసిన ప్రత్యేక ఫార్ములా రాశారు. ఖరీదెక్కువ, కానీ పడింది.

కొత్తమ్మ, తెనాలి:
అందరికీ థాంక్స్. చూపించాను. చీలిక లేదన్నారు, రెండు నుంచి నాలుగు వారాలు నన్ను పాల పదార్థాలు పూర్తిగా మానమన్నారు. మరి కాల్షియం ఎలా అక్కా?

రెండో కాన్పు అమ్మ:
రాగి జావ మజ్జిగ లేకుండా, నువ్వుల పొడి, మునగాకు, డాక్టర్ రాసిన కాల్షియం మాత్ర. ఇంకోటి గుర్తుపెట్టుకో. పాపకి తగ్గాక డాక్టర్‌ని అడిగి నువ్వు మళ్ళీ పాలు మొదలుపెట్టి చూడాలి. జిగురు తిరిగొస్తే కారణం పాలేనని ఖాయం, రాకపోతే నువ్వు హాయిగా పెరుగన్నం తినొచ్చు. చాలామంది ఇది చేయకుండా నెలల తరబడి ఊరికే పథ్యం ఉంటారు. మా బాబు ఏడాది దాటాక పెరుగు మొదలుపెట్టాడు, ఇప్పుడు గిన్నె నాకేస్తున్నాడు.