1998 స్టీలు రూపాయి మీద ఉబ్బు గీత: అచ్చులు ఢీకొన్న గుర్తా, అచ్చు పగులా?

అందరికీ నమస్కారం. నా దగ్గరున్న 1998 రూపాయి మీద సంవత్సరం కింద నక్షత్రం ఉంది, అంటే హైదరాబాద్ టంకశాల నాణెం. బరువు 4.84 గ్రాములు (ఉండాల్సింది 4.85), అడ్డకొలత 25 మిల్లీమీటర్లు, అయస్కాంతానికి అంటుకుంటోంది. లోహం మీద అనుమానం లేదు, గీత మీదే.

సింహాల వైపు ఖాళీ చోట సన్నటి వంపు గీత ఉంది. పది రెట్ల లూపు (చిన్న భూతద్దం) పెట్టి, దీపాన్ని పక్కవాటుగా ఉంచి చూస్తే ఉబ్బెత్తుగా కనిపిస్తోంది, గాడిలా కాదు. కాబట్టి గీరుడు కాదు. ఎవరో ఇంకో నాణేన్ని దీనికి ఆనించి, బిగించే పనిముట్టయిన వైస్‌లో పెట్టి నొక్కినా గాడే పడాలి. వెనకవైపు ఫొటోను అద్దంలో బొమ్మలా తిప్పి దీనిమీద పెడితే, ధాన్యపు కంకి అంచుతో గీత దాదాపు కలుస్తోంది. మధ్యలో బిళ్ల (ఇంకా ముద్ర పడని లోహపు ముక్క) పడకుండానే, నాణేనికి రెండు వైపులా బొమ్మ కొట్టే అచ్చులు రెండూ ఢీకొంటే ఇలాగే వస్తుంది కదా?

తేలనిది ఇదే: వెనకవైపు ఢీకొన్న జాడే లేదు. ఒక అచ్చును మాత్రం మార్చి ఉంటారా? పగులు అనుకుందామంటే గీత అంచుదాకా పోలేదు, వంకరటింకరగానూ లేదు.

ఇంకోటి, సంవత్సరంలో 9ల పక్కన మెట్టులా చదునైన నీడ ఉంది, అంకె కూడా ఆ మేరకు సన్నబడింది. ఇది కొట్టేటప్పుడు అచ్చు కదలడం వల్లే అనుకుంటున్నాను, జంట అచ్చయితే (అంటే అచ్చులోనే బొమ్మ రెండుసార్లు పడి ఉంటే) అంకె సన్నబడదు. సరేనా?

1998 నక్షత్రం రూపాయి ఉన్నవాళ్లు సింహాల వైపు ఒక్కసారి చూసి చెప్పండి. ఇది అచ్చులో ఉన్న లోపమైతే ఇదే గీత, ఇదే చోట ఇంకో నాణెం మీదా కనిపించాలి.