తార్కోవ్‌స్కీ అంటే సినిమా ఆయనేనా?

బీచ్‌రోడ్ పాఠకుడు: నిన్న సాయంత్రం కురుసురా సబ్‌మెరైన్ ఎదురుగా గోడ మీద కూర్చుని ముంత మసాలా తింటూ ఫ్రెండ్‌తో గొడవపడ్డానండి. తార్కోవ్‌స్కీ అంటే రష్యన్ సినిమా డైరెక్టర్ ఆంద్రేయ్ ఒక్కడే అంటాడు వాడు. వాళ్ళ నాన్న కవి కదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పెదవాల్తేరు: కవేనండీ, అర్సేనీ తార్కోవ్‌స్కీ, 1907లో పుట్టాడు. యుద్ధంలో సైనిక పత్రికకి రాస్తూ 1943లో గాయపడితే గాంగ్రీన్ పట్టి కాలు తీసేశారు. 1946లో అచ్చుకి సిద్ధమైన ఆయన కవితల పుస్తకాన్ని ఆపేశారు, మొదటి సంపుటి వచ్చేసరికి 1962, అంటే అప్పటికి ఆయన వయసు దాదాపు 55 ఏళ్ళు! అన్నాళ్ళూ జార్జియన్, తుర్క్‌మెన్, అరబిక్ కవుల్ని రష్యన్‌లోకి తెస్తూ బతికాడు. ఈ తూర్పుదేశాల అనువాదాలతో తలనొప్పి వస్తోందని ఓ కవితలో ఆయనే మొత్తుకున్నాడు.

బీచ్‌రోడ్ పాఠకుడు: పాపం. ఎప్పుడూ దిగులుగా ఉండే మనిషా?

గాజువాక: అబ్బే, టెలిస్కోపులో చుక్కలు చూసే పిచ్చి ఉండేది ఆయనకి. అలాగని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు, కొడుకు ఆంద్రేయ్‌కి అయిదేళ్ళప్పుడే ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. అదే కొడుకు తర్వాత ‘మిర్రర్’ సినిమా తీసి, అందులో కవితలు నాన్న గొంతుతోనే చదివించాడు. నాకు రష్యన్ ముక్క రాదు, అయినా ఆ గొంతు కోసం రెండుసార్లు చూశా.

పెదవాల్తేరు: ముంత మసాలా బిల్లు మీ ఫ్రెండ్‌తో కట్టించండి.