అప్‌డేట్: కొత్త అప్‌స్ట్రీమ్ వెర్షన్ తెచ్చాక ప్యాచ్‌లు అతకని సమస్య తీరింది

తిరుపతిలోని మా కళాశాల ల్యాబ్ కోసం గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) నిర్వహిస్తున్న డెబియన్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ప్యాకేజీలోకి కొత్త అప్‌స్ట్రీమ్ (సాఫ్ట్‌వేర్ అసలు రచయితలు విడుదల చేసిన) వెర్షన్‌ను తెచ్చిన తర్వాత, ప్యాచ్‌లను (అసలు కోడ్‌పై చేసే చిన్న మార్పులను) కమిట్‌లుగా (గిట్‌లో నమోదైన మార్పులుగా) మార్చే ‘జీబీపీ పీక్యూ ఇంపోర్ట్’ కమాండ్ మొదటి ప్యాచ్ దగ్గరే ఆగిపోతోందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

పనిచేసింది ఆ కమాండ్‌కున్న ‘టైమ్-మెషీన్’ ఆప్షన్ సూచన. దానికి 20 అని (గరిష్ఠంగా ఎన్ని కమిట్‌లు వెనక్కి వెళ్లాలో) ఇవ్వగా, ప్యాచ్‌లన్నీ సరిగ్గా అతికే పాత కమిట్ దొరికేదాకా ఆ కమాండ్ చరిత్రలో ఒక్కొక్క అడుగే వెనక్కి వెళ్లి, అక్కడినుంచి ప్యాచ్-క్యూ బ్రాంచిని (ప్యాచ్‌లు వరుసగా కమిట్‌లుగా ఉండే శాఖను) నిర్మించింది. ఆపై ఆ ప్యాచ్‌లను కొత్త వెర్షన్ మీదికి చేర్చే ‘పీక్యూ రీబేస్’లో ఒక్క ప్యాచ్ దగ్గర వచ్చిన కాన్‌ఫ్లిక్ట్‌ను (మార్పుల మధ్య పొసగనితనాన్ని) చేత్తో సరిదిద్ది, ‘పీక్యూ ఎక్స్‌పోర్ట్’తో ప్యాచ్ ఫైళ్లుండే డెబియన్/ప్యాచెస్ డైరెక్టరీని తిరిగి రాయించాను. అప్‌స్ట్రీమ్ వారే స్వీకరించిన మరో ప్యాచ్ రీబేస్‌లో దానంతటదే తొలగిపోయింది. ప్యాచ్‌కు ఇంతకంటే మంచి గతి ఉండదు.

క్విల్ట్ (ప్యాచ్‌లను నిర్వహించే సాధనం) వెర్షన్‌కు గాని, ప్రిస్టీన్-టార్‌కు (అప్‌స్ట్రీమ్ టార్ ఫైలును గిట్ నుంచి తిరిగి తయారుచేసే సాధనం) గాని ఈ సమస్యతో సంబంధం లేదని తేలింది. కొత్త వెర్షన్‌ను తెచ్చే ముందే ‘పీక్యూ ఇంపోర్ట్’ చేసి ఉంచితే టైమ్-మెషీన్ అవసరమే రాదు.