అమ్మకు ఇన్సులిన్ మొదలైంది, మెదడుకు మంచిదేనా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు): మాత్రలతో షుగర్ అదుపులోకి రావడం లేదని అమ్మకు ఇన్సులిన్ రాశారు. సూదులు మొదలుపెడితే మతిమరుపు వస్తుందని పక్కింటివాళ్లు బెదరగొట్టారు. మెదడులోని ఎంజైముల మీద, ఆక్సీకరణ ఒత్తిడి (కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పోగుపడటం) మీద ఇన్సులిన్ ప్రభావం ఏమిటి? నొప్పి తక్కువగా ఉండే సూది ఏదో కూడా చెప్పండి.

ఉలవపాడు మామిడి: ముందు లో షుగర్ సంగతి చూసుకోండి. మా నాన్నగారు సూది వేసుకుని, చుట్టాలతో మాటల్లో పడి టిఫిన్ మరిచిపోయారు. బనియను పిండితే నీళ్లు కారేంత చెమట. నన్ను పట్టుకుని మా చిన్నాన్న పేరుతో పిలిచారు. చక్కెర నీళ్లు తాగించాకే తేరుకున్నారు. శరీర బరువులో మెదడు 2 శాతమే అయినా గ్లూకోజులో దాదాపు 20 శాతం దానికే కావాలి.

మార్కాపురం పలక: నాది జీవరసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ, వినండి. ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపే స్ట్రెప్టోజోటోసిన్ అనే మందుతో ఎలుకలకు మధుమేహం తెప్పిస్తే మెదడులో కొవ్వుల ఆక్సీకరణ, అంటే ఆ ఒత్తిడికి కొవ్వులు పాడవడం, పెరుగుతుంది, దాన్ని అడ్డుకునే గ్లూటాథయోన్ తగ్గుతుంది. అదే రక్షణ పని చేసే ఎంజైములు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్ ఒక ప్రయోగంలో పెరిగితే మరొకదానిలో తగ్గుతాయి. ఇన్సులిన్ ఇచ్చాక చాలా ప్రయోగాల్లో ఇవన్నీ మామూలు స్థితి వైపు మళ్లాయి. భయం అనవసరం.

ఒంగోలు గిత్త: ఎలుకకు నయమైతే నెల్లూరులో అమ్మకు నయమైనట్లా? ఇన్సులిన్‌ను విరగ్గొట్టే ఎంజైమే, అల్జీమర్స్ మతిమరుపు జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ బీటా ప్రోటీనునూ విరగ్గొడుతుంది. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే ఆ ఎంజైము దానితోనే సరిపెట్టుకుంటుంది, అమిలాయిడ్ పేరుకుంటుంది. ఈ వాదన చదవలేదా?

మార్కాపురం పలక: చదివాను తమ్ముడూ, నువ్వే సగంలో ఆపావు. పరీక్షనాళికలో ఆ పోటీ నిజమే. కానీ ఇన్సులిన్ సంకేతం అందిన నాడీకణాల్లో ఆ ఎంజైము పెరిగినట్లు కూడా చూశారు.

ఒంగోలు గిత్త: తమ్ముడు ఎవరండీ? నాకు మనవలున్నారు. మెదడు కణాలు గ్లట్-1, గ్లట్-3 వాహకాలతో గ్లూకోజు తీసుకుంటాయి, వాటికి ఇన్సులిన్‌తో పనే లేదు. ఇక కాపాడేది ఏమిటి?

మార్కాపురం పలక: క్షమించండి పెద్దాయనా, వయసు ప్రొఫైల్లో కనిపించదు. జ్ఞాపకాలు చూసే మెదడు భాగం హిప్పోకాంపస్‌లో ఇన్సులిన్ గ్రాహకాలు (దాని సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లు) దండిగా ఉన్నాయి. రక్తంలోని ఇన్సులిన్ కొంత మెదడులోకి దాటుతుంది. అక్కడ దాని పని ఇంధనం మోయడం కాదు, సంకేతం ఇవ్వడం.

ఒంగోలు గిత్త: అంత మేలు చేసేదైతే, అల్జీమర్స్ తొలిదశలో ఉన్నవాళ్లకు 12 నెలలు ముక్కులో ఇన్సులిన్ చల్లిన అమెరికా పరీక్షలో ఏమైంది? 2020లో ఫలితాలు వచ్చాయి, జ్ఞాపకశక్తికి ఒరిగింది లేదు.

ఉలవపాడు మామిడి: ముక్కులో చల్లింది వేరు, షుగర్ కోసం పొట్టకు వేసుకునేది వేరు. ఈ గొడవ విని ఆ తల్లి సూది మానేస్తే దిక్కెవరు?

కనిగిరి కుండ: ఎంజైములు సరే, ఎండల్లో ఇన్సులిన్ ఎక్కడ పెడుతున్నారు? మాకు కరెంటు పోతే కొత్త కుండలో తడి ఇసుక పోసి, సీసాను డబ్బాలో పెట్టి దించుతాం.

మైపాడు అల: కుండ మేలే. మా వదిన చల్లగా ఉంటుందని ఫ్రీజర్లో పెట్టింది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగించినా పనికిరాదని చెబితే, ఖరీదైనదని అదే వాడింది. షుగర్ నాలుగొందలు దాటింది.

ఉలవపాడు మామిడి: మీ వదినకు ఫోను నంబరు ఇవ్వండి, నేను తిడతాను.