వనామీ పర్మిషన్లు ఆపాలా? మన టైగర్, తెల్ల రొయ్యల మాటేమిటి?

ఉప్పుటేరు:
ఈ మధ్య మా ఏటిలో వల వేస్తే తెల్ల రొయ్యల మధ్య నాలుగైదు వనామీలు, అదే చెరువుల్లో పెంచే విదేశీ రొయ్యలు, పడుతున్నాయి. వానాకాలం గట్టు తెగిన ప్రతిసారీ చెరువులోది కాల్వలోకి, కాల్వలోది ఏటిలోకి, అక్కడినుంచి సముద్రంలోకి. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని సొంత ఊరు, బంగాళాఖాతంతో దానికేం పని? 2009లో దాన్ని పెంచడానికి కేంద్రం ఒప్పుకున్నప్పుడు పీతల కంచె, పిట్టల వల, రిజర్వాయర్ చెరువు, వాడిన నీళ్లు శుద్ధి చేసే ఏర్పాటు, చదరపు మీటరుకు 60 పిల్లలు మించకూడదు అని షరతులు పెట్టారు. ఎవడు పాటిస్తున్నాడు? కొత్త పర్మిషన్లు ఆపేసి మన జాతుల వైపు మళ్లాలని నా వాదన. తిట్టేవాళ్లు తిట్టండి.

చెరువు గట్టు:
అన్నా, టైగర్ మీద ప్రేమ బాగానే ఉంది గానీ 94-95లో తెల్లమచ్చ వైరస్ రోగం వచ్చినప్పుడు నెల్లూరు వైపు పరిస్థితి చూశారా? అప్పుడు సీడ్, అంటే చెరువులో వేసే రొయ్య పిల్ల, ఎక్కడిది, సముద్రంలో పట్టిన తల్లి రొయ్యది. అది వైరస్ మోసుకొస్తే హేచరీవాడికీ తెలీదు, కొన్నవాడికీ తెలీదు. హేచరీలు రాకముందైతే ఇంకా ఘోరం, ఏటి మొగలో దోమతెర లాంటి వలలు లాగి, పడిందంతా తెల్ల గిన్నెలో పోసి, టైగర్ పిల్లను ఒక్కొక్కటీ ఏరుకుని మిగతా చేపపిల్ల, పీతపిల్ల గట్టున పారబోసేవారు. సముద్రానికి ఏది ఎక్కువ నష్టం చేసినట్టు? వనామీ తల్లి హవాయి, ఫ్లోరిడా నుంచి విమానంలో వచ్చి చెన్నై నీలాంకరైలో క్వారంటైన్ అయ్యాకే హేచరీకి వెళ్తుంది.

జువాలజీ బ్యాక్‌బెంచ్:
ఇద్దరూ ఒక తేడా వదిలేస్తున్నారు. ఏటిలో దొరకడం వేరు, అక్కడే గుడ్లు పెట్టి తరతరాలు నిలబడటం వేరు. థాయ్‌లాండ్‌లో బాంగ్‌పకాంగ్ నదిలో వనామీ దొరికిందని రికార్డుల్లోనే ఉంది, అంతమాత్రాన అది నదిని ఆక్రమించినట్టు కాదు. మన టైగర్‌తో కలిసి సంకరం పుడుతుందన్న భయం కూడా వాట్సాప్ భయమే. టైగర్ ఆడది మోల్టింగ్ అయిన (పాత పెంకు వదిలిన) వెంటనే, ఒళ్లు మెత్తగా ఉండగా జతకడుతుంది. వనామీ ఆడది గట్టి పెంకుతోనే, గుడ్లు పండాక, పెట్టడానికి కొన్ని గంటల ముందు. రెండింటి టైమింగే కుదరదు.

అసలు టెన్షన్ పడాల్సింది రోగాల గురించి. తెల్లమచ్చ ఆసియాలో మొదలై 1999లో ఈక్వెడార్ చేరింది, అంటే వనామీ పుట్టింటినే ముంచింది. ఇప్పుడు మన రైతు ఏడుస్తున్న ఈహెచ్‌పీని (రొయ్యను ఎదగనివ్వని సూక్ష్మ పరాన్నజీవి) కూడా శాస్త్రవేత్తలు మొదట థాయ్‌లాండ్ టైగర్‌లోనే వర్ణించారు, 2009లో.

ఉప్పుటేరు:
సరే, మన టైగర్ సంగతే చెప్తా. 1988లో అమెరికాలోని సౌత్ కరోలినాలో ఒక పరిశోధన కేంద్రం నుంచి సుమారు 2000 టైగర్ రొయ్యలు తప్పించుకున్నాయి. కొన్నాళ్లు అక్కడక్కడా దొరికి మాయమయ్యాయి, హమ్మయ్య అనుకున్నారు. 2006లో మళ్లీ వలల్లో పడటం మొదలైంది, తర్వాత గల్ఫ్ ఆఫ్ మెక్సికో అంతా. వనామీ ఇన్నేళ్లు మన దగ్గర కుదురుగా ఉందని మీరు భరోసా ఇస్తే నేను పడుకోలేను.

జువాలజీ బ్యాక్‌బెంచ్:
2006వి ఆ 1988 వాటి మనవలేనని రుజువు కాలేదండీ. కరీబియన్ వైపు చెరువుల నుంచి వచ్చి ఉండొచ్చు, ఓడల నీళ్లలో కూడా రావొచ్చు. అయినా మీ పాయింటు కొట్టిపారేయను, కాలం గడవడం ఒక్కటే రుజువు కాదు.

తడ కుర్రాడు:
ఓడల మాట వచ్చింది కాబట్టి. మీరంతా పర్మిషన్ తీసుకుని వచ్చిన రొయ్య మీద కొట్టుకుంటున్నారు, మా పులికాట్‌లోకి అడగకుండా వచ్చిన ఆల్చిప్ప ఎవరికీ పట్టదు. మైటెల్లా స్ట్రిగాటా, మధ్య, దక్షిణ అమెరికా తీరాలది. నల్లగా, వేలి కణుపులంత కాయలు, దారాల్లాంటి పోగులతో ఒకదానికొకటి అతుక్కుని బురద మీద చాప పరిచినట్టు పరుచుకుంటాయి. రొయ్య పగలు దూరి దాక్కునేది ఆ బురదలోనే, పైన చిప్పల పొర పడ్డాక ఎక్కడ దూరుతుంది? చేత్తో తడిమి రొయ్య పట్టేవాళ్లకి అరచేతులు కోసుకుపోతున్నాయి. కేరళ అష్టముడిలోనూ ఇదే గోల, 2014లో ఎంఎస్‌సీ సర్టిఫికెట్ (వనరు తరిగిపోకుండా పడుతున్నారని ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) తెచ్చుకున్న అక్కడి కక్కల మీదే వచ్చి పడింది. ఓడలు బరువు కోసం నింపుకునే నీళ్లను శుద్ధి చేయకుండా వదలకూడదని అంతర్జాతీయ ఒప్పందం 2017 నుంచి అమల్లో ఉంది. ఎన్నూరు వైపు ఓడల్లో ఎన్ని పాటిస్తున్నాయో ఎవరైనా అడిగారా? రైతు చిన్నవాడు కాబట్టి దొరికాడు.

చెరువు గట్టు:
ఈ తమ్ముడు చెప్పింది నూటికి నూరు.

ఉప్పుటేరు:
ఓడలను పట్టుకోండి, ఎవరొద్దన్నారు. దానివల్ల మన కాల్వ బాగుపడదు కదా. గట్టు గారూ, మీ లైన్లో పట్టుబడి అయ్యాక నీళ్లు నిలబెట్టి వదిలేవాళ్లు ఎంతమంది? నిజం చెప్పండి.

చెరువు గట్టు:
నిజం చెప్పాలంటే చాలా తక్కువండీ. రోగం వచ్చిన చెరువైతే రాత్రిపూట తూము ఎత్తేస్తారు, ఎవరికీ తెలీకుండా. తెల్లారేసరికి పక్కవాడు అదే కాల్వలో మోటారు వేసి తోడుకుంటాడు. దానికి వనామీ అయినా ఒకటే, టైగర్ అయినా ఒకటే, అందుకే జాతి మార్చమంటే నాకు ఒళ్లు మండుతుంది.